ఇడ్లీ రేకుల్లో ఐసు

ఏప్రిల్ నడిమికి బోట్లన్నీ జెట్టీకి కట్టేశారు.
అరవై ఒక్క రోజులు వేట లేదు.
వేట లేకపోతే ఐసెవడిక్కావాలి?
ఫ్యాక్టరీ షట్టరు దించిన సాయంత్రం
చెప్పులు కిందే వదిలి
మా మేడ మెట్లెక్కి వచ్చాడు ఎల్లాజీ.
"టైలరమ్మా, మీ ఫ్రిజ్జులో ఓ మూల అద్దికిత్తారేటి?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
మర్నాటి నుంచి నా కాఫీ
కవళ్ల వాసన వేయడం మొదలుపెట్టింది.

కుక్కల కోసమట.
హార్బరులో వేలంపాట ఆగితే
తలా తోకా విసిరే చెయ్యి ఉండదు.
సిమెంటు పెనంలా కాలుతుంటే
కట్టేసిన బోట్ల నీడల్లో పడుకుని
నీడ జరిగినప్పుడల్లా తామూ జరుగుతూ
పొద్దు గుంకేదాకా వాటికదే ఉద్యోగం.

తెప్పల మీద వెళ్లేవాళ్లకి నిషేధం లేదు.
గంప అడుగున మిగిలిన తలలు
దాసమ్మ ఇతనికి ఊరికే ఇస్తుంది.
ఊరికే అంటే, తిట్టి ఇస్తుంది.
"మడుసులకే గతి నేదు,
కుక్కలకి పులుసెట్టేత్తాడంట!"

పులుసు కాదు. ఉప్పు వేయడు.
ఉల్లిపాయని గుమ్మం దాటనివ్వడు, వాటికి విషమంటాడు.
ఉత్త నీళ్లలో మరగబెట్టి
నా దగ్గర మిగిలిన వాయిల్ ముక్కలో
మూడుసార్లు వడకడతాడు.
ముల్లేమైనా ఉందా అని
గుడ్డ మీద వేలితో రాసి చూస్తాడు.
ఇరవై రెండేళ్లు ఐసు మోసిన వేళ్లవి,
కొసల్లో స్పర్శ లేదు.
అందుకే నాలుగోసారి నన్ను చూడమంటాడు.
జాకెట్టులో గుండుసూది వెతికే చేత్తో
నేను వెతుకుతాను.

గంజి కలిపి, గుమ్మడి ముక్క ఉడికించి మెదిపి,
పోయడానికేమీ లేక
మా అమ్మ ఇడ్లీ రేకులు తీశాను.
పదహారు గుంటలు.
నలభై ఏళ్లుగా ఆవిరి తప్ప ఎరగని రేకులు
అప్పుడు చూశాయి చలి.

కరెంటు పోయిన రోజు
ఇద్దరం ఫ్రిజ్జుకి కాపలా కూర్చున్నాం,
తెరవకూడదని ఒకరికొకరం చెప్పుకుంటూ.
తలుపుకి చెవి ఆనించి
"ఇంకా గట్టిగానే ఉన్నాదమ్మా" అన్నాడు.
ఏం వినబడిందో గానీ, నమ్మాను.

మధ్యాహ్నం మూడింటికి
డాల్ఫిన్ నోస్ కొండ ఎండలో వెలిసిపోయి
ఉతికి ఉతికి పాడైన చీరలా కనబడేవేళ
రేకులు తువ్వాల్లో చుట్టుకుని వెళ్తాం.
వెంటనే పెట్టనివ్వడు.
"ఐసుకి రెండు నిమిషాలు గాలి సూపించాల.
నేకపోతే నాలిక అంటుకుపోద్ది."
మణికట్టు మీద ఆనించి చూసుకుని
అప్పుడు, "ఊఁ."

డీజిల్ అని ఒక ముసలిది. పళ్లు లేవు.
ముందుకాళ్ల మధ్య ఇడ్లీని పట్టుకుని
కళ్లు మూసుకుని అరగంట నాకుతుంది.
చుక్కాని కుర్రది, ఒక్క కొరుకులో మింగేసి
డీజిల్ ఎదురుగా కూర్చుంటుంది.
లాక్కోదు. ఎందుకో నాకు తెలీదు.
కరిగి సిమెంటు మీద పారే చారని మాత్రం
ఆరిపోయేలోగా నాకేస్తుంది.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి
పసుపు రాసుకుని బోట్లు కదిలాయి.
ఎల్లాజీ ఫ్యాక్టరీకి పోయాడు.
కుక్కలు మమ్మల్ని మరిచిపోయాయి.
అంత చేప ఉంటే ఎవరైనా మరుస్తారు.
రేకులు చింతపండుతో తోమి అటకెక్కించాను.

నిన్న మిషను తొక్కుతుంటే
మెట్ల మీద గోళ్ల చప్పుడు.
డీజిల్. ఇన్ని మెట్లు ఎలా ఎక్కిందో.
నా వంక చూడనైనా లేదు.
నేరుగా వెళ్లి ఫ్రిజ్జు ముందు పడుకుని
తలుపు సందుకి ముక్కు ఆనించింది.

స్టూలు వేసుకుని రేకులు దింపాను.
పొద్దుటి గంజి ఉంది, ఉప్పు వేయనిది.
ఒక్క గుంటలో పోశాను.
గడ్డకట్టేదాకా
ఇద్దరం తలుపు తెరవలేదు.