రెండు వేళ్ళ సందు

అల్సూరు మార్కెట్ మలుపులో నీళ్ళ ట్యాంకర్ హారన్ కొట్టింది.
జీడి వెనక్కి అడుగేసింది.
నేను లాగాను. అదే తప్పు.
చెవులు మడిచి, తల సన్నం చేసుకుని
బిగుతు చొక్కా విప్పినట్టు
పట్టీ విప్పేసి పోయింది.

చేతిలో ఖాళీ పట్టీ, ఇంకా వెచ్చగా.

నిన్ననే బొచ్చు కత్తిరించారు.
పాత రంధ్రంలోనే పెట్టాను బకిల్,
అది బొచ్చు కొలత, మెడది కాదు.

పూలమ్మే సెల్వి సగం తమిళంలో అరిచింది:
"వెంటపడకు, కూర్చో!"
ఆటోల మధ్య, పేడనీళ్ళ రోడ్డు మీద
గొంతుక్కూర్చున్నాను.
ఎంతసేపో.
మోకాళ్ళ మధ్య తడి మూతి.

ఇప్పుడు రోజూ రెండు వేళ్ళు దూర్చి చూస్తాను.
మూడోది దూరితే ఒక రంధ్రం బిగింపు.
ట్యాంకర్ వస్తే తాడు లాగను.
అది వెనక్కి వేస్తే
నేనూ దానితో వెనక్కే.