నాలుగో లైన్లో తీగ లేదు

బ్రాడీపేటలో వీధుల్ని లైన్లంటారు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మేడ మీద ఓనరు, కింద వాటాలో మేం.
తాళాలిచ్చేటప్పుడే సామ్రాజ్యం గారు
గోడ మీద చెయ్యేసి చెప్పారు:
"మేకుకి వంద. డ్రిల్లు పెడితే అయిదొందలు.
అడ్వాన్సులో పట్టుకుంటా."
కేలండరు ఇప్పటికీ ఫ్రిజ్జు నెత్తిన పడుకునే ఉంది.

ఫణికి పెళ్ళికి ముందునుంచీ ఒక సిస్టముండేది.
నాజ్ సెంటర్ పక్క సందులో
నాగుల్ మీరా టంకం పొగలో కూర్చుని కట్టిచ్చిన ఆంప్లిఫయరు,
రెండు టేకు పెట్టెలు,
ఒక్కోటీ అరబస్తా మిరపకాయలంత బరువు.
వాటి తీగలు గడప కింద దూరి, సోఫా వెనక పాకి,
చీపురుకి చిక్కి, నా పట్టీకి చిక్కి
ఒకసారి పాలగిన్నెతో సహా నన్ను పడేశాయి.
ఇల్లు మారినప్పుడల్లా ఫణి నేల మీద బోర్లా పడుకుని
ఎర్రది ప్లస్సు, నల్లది మైనస్సు అంటూ
వాటికి నచ్చజెప్పేవాడు.
మూడిళ్ళు మారాం.
నాలుగోదానికి తీగ చాల్లేదు.

అప్పుడు కొన్నాం,
కుంకుడుకాయ రంగు గుడ్డ తొడుక్కున్న
రెండు కుదిమట్టపు డబ్బాలు.
"వైర్‌లెస్సండీ, తీగే ఉండదు" అన్నాడు షాపు కుర్రాడు.
ఇంటికొచ్చి విప్పితే
ఒక్కోదానికీ ఒక్కో తోక.
కరెంటు తాగాలిగా మరి!
హాల్లో ఉన్నది ఒకటే ప్లగ్గు,
దాన్ని ఫ్రిజ్జు వదలదు.
ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చాం.
అంటే తీగే. మళ్ళీ తీగే.

నాగుల్ మీరా చూడ్డానికొచ్చి
పుచ్చకాయని కొట్టినట్టు వేలితో కొట్టాడు.
విప్పడానికి మర ఎక్కడుందా అని
అటు తిప్పి ఇటు తిప్పి వెతికాడు.
"బాగానే ఉందమ్మా. పాడైతే?"
టీ తాగి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే సుఖంగానే ఉంది.
వంటింట్లోకొకటి, మంచం పక్కకొకటి.
ఆదివారం తలంటుకి
పసిపిల్లలా చంకనెక్కి బాత్రూం గుమ్మం దాకా వస్తుంది.
ఊడవడం తేలిక.
ఫణి మాత్రం, ఎడమది కుడిదానికంటే
ఆవగింజంత వెనకబడుతుందంటాడు.
నాకు తెలీదు. ల్యాబులో పగలంతా
సెంట్రిఫ్యూజు హోరు మోసే చెవులు నావి.

మే నెల, మధ్యాహ్నం మూడు.
లైన్లో కాకి కూడా లేదు.
డబ్బా దానంతటదే "కనెక్టెడ్" అంది.
ఉగాది నాడు పంచాంగం వినిపించాలని
ఓనరు గారి ఫోను దీనికి కలిపాం.
మేం మర్చిపోయాం, ఇది మర్చిపోలేదు.

ఒక గొంతు. సన్నగా, బెరుగ్గా.
స్వరం ఎక్కుతూ ఎక్కుతూ
పైమెట్టు దగ్గర జారి, దగ్గి,
"ఛీ, ఇలా కాదు" అని తన్ను తనే కసిరింది.
మేకుకి వంద అన్న గొంతే.
మళ్ళీ మొదట్నుంచి.
మళ్ళీ అదే దగ్గు, అదే ఛీ.
నాలుగోసారికి అర్థమైంది నాకు:
రికార్డు చేసుకున్నది వినాలని
పైన నొక్కుతున్నారు, నొక్కుతున్నారు,
అక్కడ వినబడటం లేదు.
పాడిన మనిషికి తప్ప
ఆ పాట నాకూ, ఫ్రిజ్జుకీ, కేలండరుకీ చేరుతోంది.

ఇంకొక్కసారి విన్నాను, తప్పే.
తర్వాత స్విచ్చు తీసేశాను.
కాసేపటికి
శ్లాబు దాటి, ఫాను రెక్కల మధ్య నుంచి
చీమంత సన్నగా
ఆ దగ్గు దిగింది.

సాయంత్రం మోటారు వెయ్యడానికొచ్చి
"మధ్యాహ్నం నా ఫోను మూగబోయిందే అమ్మాయ్,
బాగుచేసేవాళ్ళెవరైనా తెలుసా?" అన్నారు.
తెలుసన్నాను.
నాగుల్ మీరా నంబరిచ్చాను.