కౌంట్

తెల్లారగట్ల మూడింటికి చెరువులో ఊపిరి తగ్గుతుంది.
పగలంతా ఎండ తాగి పచ్చబడ్డ నీరు
రాత్రికి తన గాలిని తానే తినేస్తుంది.
అందుకే నేను పడుకోను.
మొగల్తూరు అవతల, ఉప్పుటేరు గట్టు మీద
నాలుగెకరాల చెరువుకి కాపలా.
చెరువు నాది కాదు.
నిద్ర నాది, దాన్నే జీతానికిచ్చాను.

పాకలో ఇంకో వెలుగు మేలుకునుంటుంది,
దుప్పటి లోపల, చేప పొట్టలా నీలంగా.
నా కూతురు కెజియా.
నర్సాపురంలో ఇంటర్ రెండో ఏడు.
మొదట్లో చదువుతోందనుకున్నాను.

ఎండాకాలం సెలవుల్లో ఓ సాయంత్రం
వెనకాల ఏరియేటర్లు నురగ చిమ్ముతుంటే
గట్టు మీద పాటకి చేతులూపి వీడియో పెట్టింది.
నాకూ చూపించింది.
"బాగుందే, మేత బుట్ట కూడా పడింది" అన్నాను.
ఆ బుట్టే పట్టుకున్నారు వాళ్ళు.
ఫోన్లోంచి నీచు కంపు కొడుతోందని ఎవడో రాశాడట,
దానికి నాలుగొందల మంది నవ్వారట.
నాలుగొందలంటే ఎంతో నాకు తెలుసు.
మా పేటంతా వచ్చి చర్చి మెట్ల మీద నిలబడ్డా
అంతమంది ఉండరు.

ఇంట్లో నిమ్మకాయలు నిలవడం మానేశాయి.
సబ్బు మూడు రోజులకే చీలికయ్యేది.
కూరలో రొయ్యలు పక్కకి తీసేది,
తర్వాత కూర, తర్వాత అన్నం.
వాళ్ళమ్మ దిష్టంది. పాస్టరు గారు ప్రార్థనన్నారు.
నేను ఫోను లాక్కున్నాను.
చెక్ ట్రేలో మేత ముట్టని రొయ్యలా
ఓ మూలకి చేరి, ఒళ్ళు పాలిపోయి కూర్చుంది.
మూడో రోజు నేనే ఇచ్చేశాను.

మా దగ్గరా ఓ లెక్కుంది, కౌంట్ అంటాం.
కిలోకి వంద తూగితే బేరగాడు మొహం తిప్పుకుంటాడు,
ముప్పై తూగితే కుర్చీ వేస్తాడు.
అంకె తగ్గేకొద్దీ ఒక్కోటీ బరువు.
ఈ మాట దానికి చెప్పాలని చాలా రాత్రులనుకున్నాను.
చెప్పలేదు.
రొయ్య పేరే ఎత్తకూడని రోజులవి.

నిన్న మూడింటికి కరెంటు పోయింది.
చక్రాలన్నీ ఒక్కసారే ఆగితే వచ్చే నిశ్శబ్దం
చెవిలో సూదిలా దిగుతుంది.
జనరేటరు దగ్గరికి పరిగెత్తాను. టార్చి వెలగలేదు.
"కెజియా!" అన్నాను. అంతే.
చెప్పుల్లేకుండా వచ్చింది, ఫోను వెలిగించుకుని.

డీజిల్ పోస్తుంటే వెలుగు జారి నీళ్ళ మీద పడింది.
ఒడ్డు పొడుగునా కళ్ళు,
నిప్పురవ్వల్లా ఎర్రగా, లెక్కకందనన్ని,
గాలి కోసం పైకి తేలి.
అవి ఎవరినీ చూడటం లేదు.
అది మాత్రం వాటినే చూస్తూ నిలబడింది.
చేతిలో ఫోను టింగుటింగుమంటోంది,
అయినా వెలుగు కదలనివ్వలేదు.

నాలుగోసారి హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకుంది.
చక్రాలు నీటిని కొట్టాయి.
కాసేపటికి కళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

గట్టు మీద కూర్చున్నాక అడిగింది,
"నాన్నా, నా దగ్గర నీచు వాసనొస్తోందా?"
పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్న ముక్కు నాది,
సాక్ష్యానికి పనికిరాదు.
అదే చెప్పాను.
నవ్విందని చెబితే బాగుండేది. నవ్వలేదు.
నా భుజానికి తల ఆనించి
చొక్కా ఒకసారి వాసన చూసింది.

తెల్లారింది. మళ్ళీ దుప్పట్లో అదే నీలం.
కానీ దుప్పటి బయటికొచ్చిన మడమల మీద
చెరువు బురద ఎండి అలాగే ఉంది.
ఇంకా కడుక్కోలేదు.