ఉన్నట్టా, ఊడినట్టా

ఔలులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఇర్మెలి బల్ల మీద విప్పిన లాప్‌టాప్,
దాని పక్కన చిన్న గుండ్రటి చిల్లు.

పిన్ను దూరుస్తుంది.
ఉంది, లేదు, ఉంది, లేదు, ఉంది.
గడపలో చెప్పులు విప్పుతూ, మళ్లీ తొడుగుతూ
తేల్చుకోలేని చుట్టం.
తొందరపడి పీట వేయకు,
రెండొందల మిల్లీసెకన్లు ఆగు,
అప్పటికీ ఉంటేనే ఉన్నట్టు
అని డ్రైవర్‌కి రాస్తుంది.

కొన్ని బోర్డులది తిరకాసు:
సున్నా అంటే వచ్చినట్టు, ఒకటి అంటే పోయినట్టు.
వాటికి వేరే పట్టిక. తిట్టుకుంటూనే రాసింది.

మరి ఊడినప్పుడు?
"స్పీకర్‌కి మళ్లించు, అంతేగా" అన్నాడు తాహ్వో.
ఆమెకి లైబ్రరీ గుర్తొచ్చింది.
పోయిన వారం ఎవరి కాలికో వైరు తగిలి
హాలంతా ఒక్కసారిగా అకార్డియన్ టాంగో.
చెవుల దాకా ఎర్రబడిన ముసలాయన
మూత మూసి, రెండు చేతులూ దాని మీద అదిమిపెట్టాడు.
పాట ఆగలేదు.

ఒక వరుస కొట్టేసి, ఇంకోటి రాసింది:
ఊడితే ముందు నోరు మూయి.
ఎవరైనా అడిగాకే పాడు.

కిటికీ బయట మంచు ఎత్తే బండి పోతోంది.
టాంగో పెట్టి, పరీక్షకని వైరు లాగింది.

తాహ్వో తల కూడా ఎత్తలేదు.