నూట ఎనభై నాలుగో మాట

లెంబాలో రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్ దగ్గి దగ్గి ఊపిరి అందుకునేలోపు
ఫ్రీజర్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను,
లోపలి చలికి నేనే కాపలా అన్నట్టు.

లోపల ఐదు వందల పన్నెండు గొట్టాలు.
పేర్లుండవు, అంకెలే.
కిన్షాసా నెత్తుట్లో వైరస్ ఒక్కటి కాదు,
గొట్టానికో యాస.
నది దాటొచ్చినవి, గనుల దారిలో లారీ ఎక్కినవి,
ఒకే ఒంట్లో ఎదురుపడి
చెరిసగం కలిసిపోయినవి,
పుస్తకాలు ఇంకా పేరు పెట్టనివి కొన్ని.

అది నకలు రాసే తీరు చూడాలి.
దీపం లేకుండా, ఎవరో తరుముతున్నట్టు,
రాసింది మళ్ళీ చదవదు, దిద్దుకోదు.
తప్పు రాయడమే దాని బతుకుతెరువు.
మేం దానికో దొంగ అక్షరం అందిస్తాం,
అచ్చం అసలు దానిలాగే ఉంటుంది.
దాని పక్కన ఇంకో అక్షరం అతకదు.
వాక్యం అక్కడే తెగిపోతుంది.

కరెంటొచ్చింది.
తెర మీద నాలుగు రంగుల అలలు.
గొట్టం మూడు వందల ఆరు:
నూట ఎనభై నాలుగో మాటలో
ఎ ఉండాల్సిన చోట జి.

దొంగని పట్టేసింది.
పట్టిన చెయ్యి మాత్రం కాస్త వంకరపోయి
రాత మందగిస్తుంది.
గెలిచి, కుంటుతుంది.
దాని మీద జాలిపడకూడదు, తెలుసు.
'మందు మార్చాలి' అని రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత, శనివారం,
గౌను కొలతలకి న్జూజి కొట్టుకి వెళ్ళాను.
కవలల్లో రెండోది న్జూజి.
మొదటిది, న్సింబా, గోడ మీద ఉంది,
బిళ్ళలు ఈ ఊరికి రాని ఏడాదిలో ఆగిపోయి.
అచ్చు గుద్దినట్టున్నారంటే న్జూజి ఒప్పుకోదు.
"దాని కుట్టు వేరు, నా కుట్టు వేరు."

టేపు మెడలో వేసుకుని
కత్తెర పక్కన కొత్త డబ్బా మూత తిప్పింది.
"లావు బిళ్ళలిచ్చారమ్మా ఈసారి.
ఎందుకు మార్చారో ఎవరూ చెప్పరు."

నా నాలుక చివర ఒక అంకె.
ఆమెదో కాదో.
మంచినీళ్ళ గ్లాసు అందించాను.

మింగి, మిషన్ మీద కాలు పెట్టింది.
నీలం గుడ్డ మీద సూది పరుగు తీసింది.
చంక దగ్గర ఒక కుట్టు పక్కకి పోయింది.
ఆగింది.
పంటితో దారం తెంపి,
వెనక్కి వెళ్ళి,
ఆ ఒక్క కుట్టూ విప్పుకుంది.