ఉండా

మా డయనోరా టీవీలో
ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి
దొరసానుల్ని వరసలో నిలబెట్టేవాళ్ళు.

ఏదో దీవి. చుట్టూ ముళ్ళకంచె.
చినిగిన గౌన్లలో తెల్లతోలు ఆడవాళ్ళు
బెజవాడ తెలుగులో భగవంతుడా అని ఏడ్చేవాళ్ళు,
పెదాలు ఒక చోట, మాట ఒక చోట.
సిపాయి కర్రతో ఒక్కొక్కరి భుజం తాకుతూ లెక్కబెట్టేవాడు.

కావలి జనతాపేటలో, మా వసారాలో,
ఈతబద్దలు చీల్చే కత్తి పక్కన పెట్టి
అవ్వ ముందుకు జరిగి కూచుంది.
"ఏందిమే, వీళ్ళని గూడా లెక్కబెడతారా?"

తెర మీద ఏడాది పడింది. చదివి చెప్పాను,
పంతొమ్మిదొందల నలభై రెండు.
అవ్వ వేళ్ళు మడిచింది.
"మీ పెదనాయన కడుపులో ఉండాడు.
సెటిల్మెంటులో రాత్రికి రెండుసార్లు గంట కొట్టేవోళ్ళు."
అంతలో ప్రకటన వచ్చింది.
సబ్బుపొడి ఇల్లంతా నీలంగా నురగలు కక్కింది.

ఆ తర్వాత ఒక్క వారమూ తప్పనియ్యలేదు.
ఆమె చూసేది కథ కాదు, తప్పులు.
"జుట్టు చూడు, నిన్ననే తలంటుకున్నట్టుండాది.
పేలు లేని క్యాంపు ఏం క్యాంపు?"
"ఎండలో నిలబెడితే రెండు కాళ్ళ మీదా బరువేస్తారా ఎవురన్నా?
కాలు మార్చుకోవాల. వాడికి తెలీకుండా మార్చుకోవాల."
ఒక బక్కపిల్ల పిడికెడు అన్నం జాకెట్లో దాచి దొరికిపోతే
తొడ చరుచుకుంది, "కొప్పుండేది దేనికే నీకు!"

నాకప్పుడు పదమూడేళ్ళు. బళ్ళో ఎవరో ఏదో అన్నారు.
ఏం చేశారవ్వా మీరు, అక్కడ పెట్టడానికి?
"పుట్టాం," అంది,
బద్ద మీద నుంచి కళ్ళెత్తకుండా.

మాకు లెక్క రాసింది గూడా దొరసానే, అంది ఇంకోరోజు.
మంచిది. జొరమొస్తే గంజి తెచ్చేది.
సుంకులు అనే పేరు ఆమె నోట్లో తిరగలా,
రాహేలు అని రాసుకునింది.
రాత్రి లాంతరెత్తి రాహేలు అంటే ఉండా అనాల.
మొదట్లో అదెవురో అనుకొని పలకలా.
పలకనందుకు...
అక్కడ ఆపి, ఒక్కపలుకు తీసి నోట్లో వేసుకుంది.

కందుకూరులో వాళ్ళమ్మ పోయినప్పుడు
ఊరు దాటడానికి చీటీ కావాలి.
చీటీ మూడో దినాన వచ్చింది.
ఇప్పటికీ రేకుపెట్టెలో ఉంది, నాలుగు మడతల్లో.
వాడుకోలా, అంటుంది, కొత్తచీర గురించి చెప్పినట్టు.

ఒక వారం టీవీలో పేర్లు పిలుస్తున్నారు.
ఒక పేరు దగ్గర ఎవరూ పలకలేదు.
రాత్రే పోయింది ఆ మనిషి, మాకు తెలుసు, సిపాయికి తెలీదు.
మళ్ళీ పిలిచాడు.
"ఉండా!"
అంది అవ్వ, వీధి దాకా వినబడేట్టు.
అమ్మ చేతిలో గరిటె ఆగింది.
నాన్న గోడకేసి చూశాడు.
టీవీలో సిపాయి రెండో పేరుకి పోయాడు.

ఆఖరి భాగంలో ఓడ వచ్చింది. గేటు తీశారు.
అందరూ ఒకరినొకరు కావిలించుకున్నారు, వెనక ఫిడేళ్ళు.
అమ్మా నేనూ కళ్ళు తుడుచుకుంటుంటే
అవ్వ అడిగింది, "రిజిస్టరు ఏం జేశారు?"
చూపించలేదవ్వా.
"అదిగదా చూపియ్యాల్సింది," అని
కత్తి అందుకుంది.

అర్ధరాత్రి గూడ్సుబండి పోయే వేళకి అవ్వ లేస్తుంది.
మంచాల మధ్య నడుస్తూ
తమ్ముడు దానియేలు భుజం, కెజియా అత్త భుజం, నా భుజం
ఒక్కో వేలితో తాకుతుంది.
దుప్పటి సర్దుతుందనుకునేదాన్ని ఇన్నేళ్ళూ.

ఆ రాత్రి మెలకువగా ఉన్నాను.
వేలు నా మీద ఆగింది. ఊపిరితో "నాలుగు" అనుకుంది.
నేను కళ్ళు తెరవలేదు.
నిద్రలో ఉన్నట్టే ఉండి,
దుప్పటి కింద
కాలు మార్చుకున్నాను.