మూడు పేర్లు

పెరియమేట్‌లో నాది తోలు పని.
ఉత్తర మద్రాసులో కొట్టుకునే ప్రతి చెయ్యీ
ఎప్పుడో ఒకప్పుడు నా సూది కిందికి వచ్చేది.
గ్లవ్ చూస్తే మనిషిని చెప్పేవాణ్ణి.
భయస్తుడిది బొటనవేలి దగ్గర చిరుగుతుంది.
కోపిష్టిది మణికట్టు కుట్టు విడిపోతుంది.
పెంచలయ్యది మాత్రం
నాలుగు వేళ్ళ మేరా సమంగా అరిగేది,
రోజూ నూరే సన్నికల్లులా.

నలభై ఒక్క పోటీలు. మూడు ఓటములు.
గెలిచినవాటి సంగతి అడిగితే
"ఎవడో సేలం వాడు, ఎవడో పోలీసోడు" అని చెయ్యి విసిరేసేవాడు.
ఓడినవి మాత్రం
మేనమామల పేర్లు చెప్పినట్టు చెప్పేవాడు:
పెరంబూరు లోకో షెడ్డు నెవిల్ రోజారియో,
బెంగుళూరు సాపర్ల హవల్దార్ బోపయ్య,
కాసిమేడు అమలదాసు.

రోజారియో ఎడమచెయ్యి వస్తున్నట్టు తెలిసేది కాదట,
వచ్చి వెళ్ళినట్టే తెలిసేదట.
బోపయ్య ఎనిమిది రౌండ్లు కొట్టి
చివర్న తన తువ్వాలుతోనే ఇతని కనుబొమ్మ నెత్తురు అద్దాడు.
అమలదాసు సంగతి నేను చెప్పాలి.
పోటీకి ముందు రాత్రి అతని గ్లవ్స్ నా దగ్గరికే వచ్చాయి.
కుడిదానికి కుట్టు వదులైంది.
రెండు పోగులు తక్కువేస్తే
మూడో రౌండుకల్లా లోపలి పీచు బయటికొచ్చేది.
దీపం దగ్గరికి జరుపుకున్నాను.
మైనం పట్టించిన దారంతో రెండు వరసలు వేశాను.
ఆ గ్లవ్‌తోనే నా స్నేహితుడు పడ్డాడు.
లేచాక, వాచిన పెదవితో, నాతో అన్న మొదటి మాట:
"కుట్టు బాగుందిరా."

ఆ తర్వాత అతనికో పిచ్చి పట్టింది.
టీ కొట్లో పేపరు వెనకపేజీ నుంచి చదివేవాడు,
ఆ ముగ్గురూ ఇంకా గెలుస్తున్నారా లేదా అని.
రోజారియో కలకత్తాలో ఎవడో కుర్రాడి చేతిలో
రెండో రౌండుకే పడిపోయాడని వచ్చిన రోజు
పెంచలయ్య అన్నం ముట్టలేదు.
"వాడలా ఓడితే నా ఓటమి ఏమైనట్టు?"
మంగతాయి కంచం విసురుగా తీసేస్తూ
"నెలనెలా నిన్ను ఓడించే ఇంటద్దెవాడు
ఏ ఊరి చాంపియను?" అంది.

నిజమే.
తాళ్ళ బయట అతన్ని గెలిచినవాళ్ళెవరూ గొప్పవాళ్ళు కారు.
హార్బరు గేటు దగ్గర పేరు కొట్టేసిన గుమాస్తా.
ఉద్యోగం ఫైలుకి రేపు రమ్మన్నవాడు,
పదకొండేళ్ళు రేపు రమ్మన్నవాడు.
వాన వచ్చిన ప్రతిసారీ ఇంట్లోకొచ్చే బకింగ్‌హాం కాలువ.
కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టిన చక్కెర జబ్బు.
వీళ్ళెవరికీ
తాము ఎవర్ని కొట్టారో కూడా తెలీదు.
గంట మోగలేదు.
తువ్వాలు పట్టుకుని ఎవరూ వంగలేదు.

పోయినేడు స్టాన్లీ ఆస్పత్రిలో వేలు తీసేశారు.
గోడవైపు తిరిగి పడుకున్నాడు, మాట లేదు.
రెండు రోజులు చూసి నేను కాసిమేడు వెళ్ళాను.
అమలదాసు పడవ నీడలో కూర్చుని ఉన్నాడు,
ఒళ్ళో వల ఉంది, చేతులు వణుకుతున్నాయి.
తిన్న దెబ్బలన్నీ తలలో కూడబెట్టుకున్న మనిషి,
కోడలి పేరే ఆయనకి గుర్తు లేదట.
పెంచలయ్య అన్నాను.
కళ్ళలో ఏమీ కదల్లేదు.
వ్యాసర్పాడి పెంచలయ్య, అన్నాను గట్టిగా.
అప్పుడు గడ్డం భుజంలోకి దిగింది.
ఎడమ మోచెయ్యి, దానంతటదే,
పక్కటెముకల మీదికి జారి మూసుకుంది.
వల జారి ఇసకలో పడింది.

తిరిగొచ్చి, ఆయన నిన్ను అడిగాడని అబద్ధం చెప్పొచ్చు.
చెప్పలేదు.
మోచెయ్యి సంగతే చెప్పాను.
చాలాసేపటికి గోడవైపు నుంచి గొంతు వచ్చింది.
"ఎడమదేనా?"
"ఎడమదే."
మంచం కిర్రుమంది.
లేచి కూర్చుని, క్యారియరు మూత
తనే తీసుకున్నాడు.